పున్నమి నాటి పంక్తి



2018 ఫిబ్రవరిలో మా సంఘం నుండి, చుట్టుప్రక్కల సంఘాల నుండి 38 మందిమి కలిసి పరిశుద్ధ దేశయాత్రకు వెళ్ళాము. బేత్లెహేము గుహను గురించి, యొర్దాను నీళ్ళను గురించి, గెత్సేమనేలోని ఒలీవ చెట్లను గురించి మన పత్రికల్లో చాలామంది వ్రాశారు. వాటిని నేను మళ్ళీ వ్రాయబోవడం లేదు. ఆ యాత్రలో ఒక మధ్యాహ్నం తిన్న భోజనం నన్ను దాదాపు ఎనభై ఏళ్ళు వెనక్కి, మా ఉయ్యూరు ప్రాంతానికి తీసుకువచ్చింది. ఆ సంగతి మీతో పంచుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. వ్రాస్తే నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవలసి వస్తుంది గనుక ఇన్నాళ్ళూ వాయిదా వేశాను.

గలిలయ సముద్రం పడమటి ఒడ్డున గినొసార్ అనే ఊరుంది. మన బైబిలులో గెన్నేసరెతు అని చదువుకొనే ప్రాంతమే అది. అక్కడ గాజు గదిలాంటి మందిరంలో ఒక పాత చెక్క పడవను ఉంచారు. 1986లో వర్షాలు లేక సరస్సు నీరు బాగా వెనక్కి పోయినప్పుడు, ఆ ఊరి వారే అయిన ఇద్దరు జాలరి అన్నదమ్ములకు బురదలో దాని అంచు కనబడిందట. పొడవు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. మన ప్రభువు భూమిమీద సంచరించిన శతాబ్దపుదని పరిశోధకులు తేల్చారు. రెండువేల ఏళ్ళు నీటిలో నానిన చెక్క గాలి తగిలితే పొడి అయిపోతుంది గనుక, దాన్ని నురుగులాంటి పదార్థంతో చుట్టి, నీటి మీద తేల్చి ఒడ్డుకు తెచ్చి, ఏళ్ళ తరబడి మైనం కలిపిన తొట్టిలో ఉంచారు. ప్రభువు ఎక్కిన పడవ ఇదేనని ఎవరూ చెప్పలేరు. మా బృందంలో నాగాయలంక నుండి వచ్చిన ఒక అన్నగారు మాత్రం చుట్టూ తిరిగి చూసి, "రకరకాల చెక్క ముక్కలు అతికారు, పాపం బీదవాళ్ళ పడవే" అన్నారు. నిజమే, పన్నెండు రకాల కలప వాడారని అక్కడ వ్రాసి ఉంది. పడవలు ఎరిగినవాడి కన్ను అది.

పడవ చూశాక భోజనానికి కూర్చున్నాము. అప్పుడు గైడు చెప్పాడు, ఈ ఊరు ఒక కిబ్బుత్స్ అని. అంటే ఏమిటని అడిగితే, "ఇక్కడ భూమి ఎవరి సొంతమూ కాదు. అందరూ కలిసి పని చేసేవారు, వచ్చింది అందరిదీ, ఒకే వంటశాల, ఒకే భోజనశాల. ఎవరికి ఎంత అవసరమో అంత ఇచ్చేవారు" అన్నాడు. మా బల్ల మీద ఒక్కసారిగా సంతోషం పుట్టింది. పాస్టరుగారు చేయి ఎత్తి, "అపొస్తలుల కార్యములు రెండవ అధ్యాయం!" అన్నారు. నాలుగో అధ్యాయం కూడా అని ఒక అక్కగారు అందుకున్నారు. గైడు నవ్వి, "అయ్యా, వీటిని మొదలుపెట్టిన వాళ్ళలో ఎక్కువమంది ప్రార్థన చేసేవాళ్ళు కాదు. చాలా కిబ్బుత్సుల్లో సమాజమందిరమే కట్టుకోలేదు" అన్నాడు.

బల్ల దగ్గర నిశ్శబ్దం. చేప ముళ్ళు తీసుకొంటున్న మా పాస్టరుగారు కాసేపు అలాగే తీసుకొంటూ ఉండిపోయారు. నా చెవిలో మాత్రం మా నాయనమ్మ గొంతు వినబడింది. ఆమె అన్న మాట తరువాత చెబుతాను.

ముందు ఆ కిబ్బుత్సుల చరిత్ర నాలుగు ముక్కల్లో చెబుతాను. మొదటిది దెగానియా. గలిలయ సముద్రం నుండి యొర్దాను నది బయటికి వచ్చే చోట 1910లో పదిమంది యువకులు, ఇద్దరు యువతులు కలిసి మొదలుపెట్టారు. రష్యా, తూర్పు ఐరోపా దేశాల్లో యూదుల మీద జరిగిన హింసలకు తాళలేక వచ్చిన పిల్లలు వాళ్ళు. పుస్తకాలు చదివిన చేతులే గాని నాగలి పట్టిన చేతులు కావు. యూదుల జాతీయ నిధి కొన్న భూమి అది. అజమాయిషీ చేసే దొర వద్దు, మేమే దున్నుకుంటాము, కూలివాణ్ణి పెట్టము, జీతాలు వద్దు అన్నారు. చలిజ్వరాలు, ఎండ, గొడవలు అన్నీ భరించారు. తరువాత అలాంటివి దేశమంతటా పుట్టి, ఇప్పుడు 270 వరకు ఉన్నాయి. ప్రతి సంగతీ సభ్యులందరూ కూర్చుని చేతులెత్తి తీర్మానించుకోవలసిందే. ఒకరికి క్రొత్త రేడియో కావాలన్నా, ఒకరి కొడుకు పై చదువుకు పోవాలన్నా సభకు రావలసిందేనట. మన సంఘ కమిటీ మీటింగులు గుర్తుకు వచ్చి నాకు నవ్వు వచ్చింది.

పిల్లల సంగతి చెప్పగానే మా ఇంట్లో ఆమెకు భోజనం సహించలేదు. చాలా కిబ్బుత్సుల్లో పిల్లలు తల్లిదండ్రుల దగ్గర గాక, పిల్లల ఇల్లని వేరే కట్టిన ఇంట్లో పడుకొనేవారు. సాయంత్రం కొన్ని గంటలు మాత్రం అమ్మానాన్నల దగ్గర గడిపేవారు. తల్లులు కూడా పురుషులతో సమానంగా పని చేయాలని అలా పెట్టుకొన్నారు. "రాత్రి బిడ్డ ఏడిస్తే?" అని ఈమె అడిగింది. కాపలా ఉన్నవారు చూస్తారన్నాడు గైడు. ముప్పై ఏళ్ళు చిన్నపిల్లల బడిలో పనిచేసిన మనిషి ఈమె, ఒప్పుకోలేదు. అక్కడి తల్లులే చివరకు ఒప్పుకోలేదు. ఆ పద్ధతి 1990ల నాటికి పూర్తిగా పోయింది.

మరికొన్ని కూడా పోయాయి. 1980లలో అప్పులు పెరిగి చాలా కిబ్బుత్సులు కుదేలైపోయాయి. అప్పటి నుండి ఒక్కొక్కటే ఎవరి జీతం వారికి, ఎవరి ఇల్లు వారికి అని మార్చుకుంటూ వచ్చాయి. 2007లో మొట్టమొదటిదైన దెగానియా కూడా మారిపోయింది. ఇంకొక సంగతి గైడు చెప్పలేదు, నేను ఇంటికి వచ్చి చదివి తెలుసుకొన్నాను. ఆ సరస్సు ప్రక్కన అరబ్బుల పల్లెలు కూడా ఉండేవి. గినొసార్ ప్రక్కనే ఒకటుండేది. 1948 యుద్ధంలో అవి ఖాళీ అయిపోయాయి. ఆ పల్లెల వారు తిరిగి రాలేదు. 2023 అక్టోబరు 7న గాజా సరిహద్దులోని బెయెరి, నిర్ ఓజ్, క్ఫర్ అజా అనే కిబ్బుత్సుల మీద దాడి జరిగి, ఇళ్ళలో ఉన్నవారిని చంపి, కొందరిని ఎత్తుకుపోయారు. ఆ తరువాతి యుద్ధంలో గాజాలో వేలకు వేలు, పసిపిల్లలతో సహా చనిపోయారు. ఆ వార్తలు చూసినప్పుడల్లా ఆ భోజనబల్ల నాకు జ్ఞాపకం వచ్చేది. ఇంతకన్న ఆ సంగతి మీద మాట్లాడే శక్తి నాకు లేదు.

ఇక మా ఊరి సంగతి.

బెజవాడ నుండి బందరు పోయే రోడ్డు మీద ఉయ్యూరు ఉంది. అక్కడికి నాలుగు మైళ్ళలో మా ఊరు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు వచ్చి, మెట్ట భూములు మాగాణి అయ్యాయి. వరి పండింది, చెరకు పండింది, మేడలు లేచాయి. మాలపల్లెకు, మాదిగగూడేనికి మాత్రం ఆ నీళ్ళు కూలి రూపంలోనే వచ్చాయి. మా తాతయ్య పల్లెలో సంఘపెద్ద. ఆదివారం ఉపదేశిగారు రాని రోజున వాక్యం చదివేది ఆయనే. ఆరు రోజులు ఆసామి పొలంలో పాలేరు.

మా ఊరికి దగ్గరలోనే ముదునూరు. 1940 ఆగస్టులో ఆ ఊరికి గోరా గారు వచ్చారు. అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, వృక్షశాస్త్రం చదివి, మధురలో, కొలంబోలో, కాకినాడలో, బందరులో కాలేజీ పాఠాలు చెప్పిన మనిషి. జంధ్యం తీసేసినందుకు ఇంటివారికి దూరమయ్యారు. దేవుడు లేడని వ్రాసినందుకు 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది. బందరులో ఉద్యోగం కూడా వదులుకొని, స్వాతంత్ర్య సమరయోధులు అన్నే అంజయ్య గారి ఊరైన ముదునూరుకు పెద్దలకు చదువు చెప్పడానికి వచ్చి, నాస్తిక కేంద్రం అని పెట్టారు. కేంద్రం అంటే మేడా మిద్దెలు కావు, పూరిపాకలే. భార్య సరస్వతి గారు, పిల్లలు, తోటి పనివారు, అందరూ అక్కడే ఉండేవారు.

ఆ పిల్లల పేర్లు మా పల్లెలో పెద్ద వింత. మనం దానియేలు, రూతు అని పెట్టుకొన్నట్లే వారు కాలాన్ని బట్టి పెట్టుకొన్నారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కుమారుడు లవణం. యుద్ధం ముంచుకొస్తున్న రోజుల్లో పుట్టిన కుమారుడు సమరం. తరువాతి కాలంలో పత్రికల్లో ఆరోగ్య సలహాలు వ్రాసిన డాక్టరు సమరం గారు ఈయనే. తొమ్మిదో సంతానం పేరు నౌ.

ముదునూరులో ఆయన ప్రతి పున్నమికీ సహపంక్తి భోజనాలు పెట్టించేవారు. ఊరివారు, పల్లెవారు, గూడెంవారు అందరూ ఒకే వరుసలో కూర్చుని తినాలి. ఈనాటి పిల్లలకు ఇందులో ఏమి గొప్ప ఉందో తెలియకపోవచ్చును. ఆ రోజుల్లో ఊరి బావిలో మనం చేద వేయకూడదు. ఆసామి ఇంట్లో పాలేరుకు అన్నం దొడ్లో, అదీ దూరం నుండి వడ్డన.

మా నాన్న 1929లో పుట్టారు. పన్నెండేళ్ళ వయస్సులో, ఇద్దరు స్నేహితులతో కలిసి, తాతయ్యకు చెప్పకుండా ఒక పున్నమి నాడు ముదునూరు నడిచి వెళ్ళారు. ఆ రాత్రిని ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ప్రతిసారీ ఒకే చోట ఆగేవారు. ప్రక్క విస్తరి ముందు ఒక ఆసామిగారి అబ్బాయి కూర్చున్నాడట. "వాడు లేచిపోతాడేమోనని చూస్తూ కూర్చున్నానురా, అన్నం చల్లారిపోయింది" అనేవారు. వాడు లేవలేదు. పైగా పప్పు ఇటు త్రోయమన్నాడు. తిన్న తరువాత నాన్న అలవాటు చొప్పున అందరి విస్తళ్ళూ ఎత్తబోతే, అక్కడి ఆడమనిషి ఒకామె, ఎవరి విస్తరి వారే తీయాలి అన్నారట. అది వినగానే ఆసామిగారి అబ్బాయి తన విస్తరి ఎలా పట్టుకోవాలో తెలియక చారు మీద పోసుకొన్నాడని చెప్పి నాన్న నవ్వేవారు.

తెల్లవారేసరికి సంగతి తాతయ్య చెవిన పడింది. చేతికి అందిన తాటి మట్టతో కొట్టారు. "దేవుడు లేడన్నవాడి చేతి అన్నం తిని వచ్చావా?" అని ఒక్కొక్క దెబ్బకు ఒకసారి అడిగారట. అప్పుడు మా నాయనమ్మ పొయ్యి దగ్గర నుండి లేచి వచ్చి, "దేవుడున్నాడన్న వాళ్ళు ఎవరన్నా పెట్టారా?" అంది. అక్షరం రాని మనిషి, జీవితమంతా ఒక్క ఆదివారం కూడా గుడి మానని మనిషి. తాతయ్య మట్ట క్రింద పడేసి పొలానికి వెళ్ళిపోయారు.

అయితే తాతయ్య పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఆయన మూర్ఖుడు కాదు. మిషను బడి లేకపోతే మా నాన్నకు అక్షరమే లేదు. క్రీస్తు నామం వినకముందు మా వంశంలో ఎవరూ తల ఎత్తి నడిచినట్లు కూడా దాఖలా లేదు. ఆ నామాన్నే వద్దనేవారి పంక్తిలో కొడుకు కూర్చుంటే ఆయన గుండె ఎంత మండి ఉంటుందో, నేను తండ్రినయ్యాక నాకు తెలిసింది.

గోరా గారు 1944 నుండి గాంధీ గారిని కలిసి మాట్లాడేవారు. దేవుణ్ణి నమ్మే ఆయనకు, నమ్మని ఈయనకు అస్పృశ్యత దగ్గర మాట కలిసింది. గోరా గారు పెద్దమ్మాయి మనోరమ గారిని అర్జునరావు అనే హరిజన యువకుడికి ఇచ్చి చేయాలని నిశ్చయించినప్పుడు, సేవాగ్రాం ఆశ్రమంలో పెళ్ళి జరిపించడానికి గాంధీ గారు ఒప్పుకొన్నారు. ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యం పేరు పెట్టడానికి కూడా ఒప్పుకొన్నారు. 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది. పెళ్ళి అనుకొన్నట్లే మార్చి 13న సేవాగ్రాంలోనే జరిగింది. ఈ కథంతా గోరా గారు ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకంగా వ్రాస్తే 1951లో గాంధీ గారి నవజీవన్ వారే అచ్చువేశారు.

మన పాఠకులకు ఎక్కువ దగ్గరైన సంగతి ఇంకొకటుంది. గుర్రం జాషువ గారి పద్యాలు రాని క్రైస్తవ కుటుంబం మా చిన్నప్పుడు అరుదు. "క్రీస్తు చరిత్ర" కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం పొందిన కవి. ఆ జాషువ గారి కుమార్తె హేమలత గారు, నాస్తికుడైన గోరా గారి కుమారుడు లవణం గారిని పెళ్ళాడారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో, రక్షణ సైన్యం వారు 1913 ప్రాంతం నుండి ఎరుకల కుటుంబాల మధ్య పనిచేసిన చోటనే, నేరస్థులని ముద్రపడిన వారు మామూలు జీవితానికి రావడానికి వీరిద్దరూ 1970లలో పూనుకొన్నారు. నిజామాబాదు ప్రాంతంలో జోగిని దురాచారం మాన్పించడానికి కూడా ఆమె చాలా కష్టపడ్డారు. 2008లో హేమలత గారు, 2015లో లవణం గారు కన్నుమూశారు.

1947లో నాస్తిక కేంద్రం ముదునూరు నుండి బెజవాడ పటమటకు మారింది. నేను 1974లో కాలేజీ చదువుకు బెజవాడ వచ్చాను. నన్ను దింపడానికి వచ్చిన నాన్న, ముందు గుడికి తీసుకువెళ్ళి పాస్టరుగారికి అప్పగించి, తరువాత పటమట తీసుకువెళ్ళి గేటు దగ్గర నిలబడ్డారు. లోపలికి వెళ్ళలేదు. "అదిగో, ఆయనే" అని చూపించారు. బక్కపలచని మనిషి, ఖద్దరు. ఎవరితోనో మాట్లాడుతున్నారు. మరుసటి సంవత్సరం, 1975 జూలై 26న ఆయన చనిపోయారు. నాన్న బస్సెక్కి వచ్చారు. ఆ రోజు లోపలికి వెళ్ళారు.

వారు చెప్పేది నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమ ఏమీ లేదని ప్రజలకు చూపించేవారు. అది మాకు కూడా ఇష్టమే. గ్రహణం రోజున గర్భిణీ స్త్రీలు బయటికి రావచ్చుననేవారు. అదీ ఇష్టమే. ప్రార్థనలో ఏమీ లేదని చెప్పినప్పుడు మాత్రం నాకు కడుపులో త్రిప్పేది. మా అమ్మ టైఫాయిడుతో పడి ఉన్న నలభై రోజులూ నేను ఎవరితో మాట్లాడుకొన్నానో నాకు తెలుసు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. పదివేల మందికి పైగా పోయారు. మా సంఘ యౌవనస్థులం బియ్యం, పాత బట్టలు లారీలో వేసుకొని అవనిగడ్డ మీదుగా వెళ్ళాము. కాసా వారు, రకరకాల మిషనుల వారు, రామకృష్ణ మఠం వారు, నాస్తిక కేంద్రం వారు, అందరూ అక్కడే ఉన్నారు. సొర్లగొంది వైపు శవాలను పూడ్చే పనిలో రెండు రోజులు నేను పట్టుకొన్న మంచానికి రెండో వైపు పట్టుకొన్నది నాస్తిక కేంద్రం తరఫున వచ్చిన కుర్రవాడు. నేను ప్రతి గుంట దగ్గరా పెదవులు కదిలించేవాణ్ణి. అతడు నేను ముగించేదాకా పార పట్టుకొని ఆగేవాడు. ఏమీ అనలేదు. మూడో రోజున వేరే ఊరు పంపారు, మళ్ళీ కలవలేదు.

ఇక నా తప్పు చెప్పుకొంటాను.

1988 నాటికి నేను ఉపాధ్యాయుణ్ణి, ఊళ్ళో మా సంఘానికి కార్యదర్శిని. మా ఊళ్ళో రెండు గుళ్ళు. మిషను ఒకటే, పాటల పుస్తకం ఒకటే, పాస్టరుగారు కూడా చాలాకాలం ఒక్కరే. ఆయన ఉదయం ఇక్కడ ఆరాధన ముగించి సైకిలు మీద అక్కడికి వెళ్ళేవారు. ఒకటి మాలపల్లెలో, ఒకటి మాదిగగూడెంలో. ఇలాంటివి కృష్ణా జిల్లాలో ఎన్ని ఊళ్ళలో ఉన్నాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ సంవత్సరం కోతపండుగకు ప్రేమవిందు కలిపి చేసుకుందామని గూడెం పెద్దలు ఇద్దరు మా ఇంటికి వచ్చి అడిగారు. ఖర్చులో సగం వేసుకుంటామన్నారు.

నేను కాదనలేదు. కాదంటే బాగుండేదేమో. "కమిటీలో పెట్టి చెబుతాను" అన్నాను. కమిటీలో, "ఈ సంవత్సరం వద్దు, మనవాళ్ళలో కొందరు లేచిపోతే పండుగ పాడవుతుంది, గొడవలు వస్తాయి" అని ముందుగా అన్నది నేనే. ఎవరైనా అంటారని ఆగలేదు. అది నా నోటి నుండే వచ్చింది. తీర్మానం నా చేతివ్రాతలోనే మినిట్సు పుస్తకంలో ఉంది: స్థలాభావం వలన విడిగా జరుపుకొనుట మంచిదని తీర్మానించడమైనది. స్థలాభావం! మా గుడి ముందు ఎకరం ఖాళీ ఉంది.

నాన్న ఏమీ అడగలేదు. విందు రోజున ఆరాధనలో నా ప్రక్కనే కూర్చున్నారు. వడ్డన మొదలయ్యే సమయానికి కనబడలేదు. మా పిల్లవాడు పరుగెత్తుకు వచ్చి, "తాతయ్య ఇంట్లో నుండి కంచం తీసుకొని గూడెం వైపు వెళ్ళిపోయాడు" అన్నాడు. అక్కడ వారి వరుసలో కూర్చుని తిని, కంచం తానే కడుక్కొని, పొద్దుగూకాక వచ్చారు. తరువాత ఎనిమిదేళ్ళు, 1996లో ఆయన నిద్రించే వరకు, ప్రతి కోతపండుగకూ అలాగే వెళ్ళారు. ఒక్కసారి కూడా నన్ను రమ్మనలేదు. రమ్మంటే ఏదో ఒక సాకు చెప్పేవాణ్ణి. రమ్మనకపోవడమే నాకు కష్టమైంది.

గినొసార్ బల్ల దగ్గర గైడు మాట విన్నప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది ఇదంతా.

ఆ రాత్రి తిబెరియలో హోటలు గదిలో కూర్చుని అపొస్తలుల కార్యములు మళ్ళీ చదివాను. రెండో అధ్యాయం, నాలుగో అధ్యాయం మనకు కంఠతా వచ్చు. తరువాతి అధ్యాయంలో అననీయ, సప్పీరాల సంగతి వస్తుంది. పొలం ఇవ్వనందుకు కాదు, కొంత దాచుకొని అంతా ఇచ్చామన్నందుకు వారికి అలా జరిగింది. ఆరో అధ్యాయానికి వచ్చేసరికి, వడ్డనలో మా విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష వారు సణుగుతున్నారు. అంటే ఆ మొదటి సంఘంలో కూడా పంక్తి దగ్గరే పేచీ వచ్చింది. ఆస్తి దగ్గర ఒకటైనవారు అన్నం దగ్గర రెండయ్యారు. పెద్దలు దాన్ని స్థలాభావమని వ్రాసుకోలేదు, ఏడుగురిని ఏర్పరచి సరిచేశారు. వారి ఉమ్మడి ఆస్తి ఎంతకాలం నిలిచిందో గ్రంథం చెప్పదు. కరవు వచ్చినప్పుడు అంతియొకయ నుండి, మాసిదోనియ నుండి వారికి చందాలు పంపవలసి వచ్చింది. నిలవకపోయినా దాన్ని లూకా సిగ్గుపడకుండా వ్రాశాడు. దెగానియా వారు కూడా జీతాలు విడదీసుకొన్నారు గాని, మా తాతలు అలా బ్రతికారని చెప్పుకోవడానికి సిగ్గుపడటం లేదు.

తిరిగి వచ్చాక మా ఇంట్లో ఆమెను తీసుకొని ఒకరోజు ముదునూరు వెళ్ళాను. పాకలు ఉండవని తెలిసే వెళ్ళాను. వరిచేల మధ్య మామూలు ఊరు, డాబాలు, సెల్ టవరు, ఒక గుడి, ఒక చర్చి. పున్నమి నాడు నాన్న నడిచి వచ్చిన దారి ఏదో పోల్చుకోలేకపోయాను. కాలువ గట్టు మీద కూర్చుని, తెచ్చుకొన్న పులిహోర తిన్నాము. అక్కడే ఆమె అడిగింది, "ఇంతకీ ఆ మినిట్సు పుస్తకం ఎవరి దగ్గరుంది?" అని.

పాత పెట్టెలో నా దగ్గరే ఉంది. 2018 అక్టోబరులో దాన్ని తీసుకొని గూడెం వెళ్ళాను. ఆనాడు మా ఇంటికి వచ్చిన ఇద్దరు పెద్దలలో ఒకరు నిద్రించారు. రెండవ ఆయనకు చూపు ఆనదు. మనుమరాలు నర్సింగు చదువుతోంది, ఆ అమ్మాయి చేత ఆ తీర్మానం పైకి చదివించాను. ఆయన విని, "స్థలాభావమా?" అని నవ్వారు. చాలాసేపు నవ్వారు. "మీ నాయన వచ్చేవాడుగా, ఆయన ఒక్కడికీ మాకు స్థలం సరిపోయేది" అన్నారు. నాకు మాట రాలేదు.

కలిపి చేసుకోవడానికి మా కమిటీ వెంటనే ఒప్పుకొన్నదని అనుకోకండి. మూడు మీటింగులు జరిగాయి. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు, వారిలో ఒకరు నా సొంత బావమరిది. వంట ఎవరు చేయాలన్న దగ్గర గట్టి చిక్కు వచ్చింది. కేటరింగు వారికి ఇచ్చేస్తే ఎవరికీ బాధ ఉండదని కుర్రవాళ్ళు అన్నారు. గూడెం వైపు ఆడవాళ్ళు దానికి ఒప్పుకోలేదు. "బయటివాళ్ళు వండితే ఎవరింటి అన్నం ఎవరు తిన్నట్టు?" అని వారు అడిగిన ప్రశ్నకు మా వైపు జవాబు లేదు. చివరకు రెండు వైపుల ఆడవాళ్ళూ కలిసి, మా గుడి ముందున్న ఆ ఎకరం స్థలంలోనే గాడిపొయ్యి త్రవ్వి వండాలని తేలింది.

మరి మగవాళ్ళ పని ఏమిటని నేను ఇంట్లో అడిగాను. "మిగతావాళ్ళ సంగతి నాకు తెలియదు గాని, ఉల్లిపాయలు మాత్రం మీవేనండీ, ముప్పై కేజీలు" అంది ఈమె. తెల్లవారుజామున ఐదింటికి టార్చిలైటు పట్టుకొని వెళ్ళాను. గూడెం పెద్దాయన అప్పటికే వచ్చి, చూపు ఆనకపోయినా తడుముకుంటూ పొట్టు తీస్తున్నారు. నాకు ఒక కత్తిపీట ప్రక్కకు జరిపారు.